వెరావల్ (గుజరాత్ రేవు) బోటు మీద మనోళ్ళు పాకిస్తాన్‌కు చిక్కితే, ఇప్పుడున్న సంబంధాల్లో విడుదల ఏ దారిన జరుగుతుంది?

తీరం_రణస్థలం అడిగారు:

పెద్దలకు నమస్కారం. ఎచ్చెర్ల, రణస్థలం, పూసపాటిరేగ, భోగాపురం మండలాల తీరం నుంచి మనోళ్ళు ఏటా గుజరాత్ బోట్ల మీదకి కలాసీలుగా ఎల్తారు. పడమటి తీరంలో వేట నిషేధం జులై 31తో అయిపోతుంది కాబట్టి అడ్వాన్సులు తీసుకున్నోళ్ళు అప్పటికే రైలెక్కేస్తారు. 2018 నవంబరులో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళు 20 మంది ఇలాగే చిక్కి, 2020 జనవరిలో వాఘా దగ్గర బయటపడ్డారు. అప్పటికంటే ఇప్పుడు పరిస్థితి ఇంకా బిగుసుకుంది. అట్టారి గేటు మూశారు, వీసాలు లేవు, టపా లేదు, రాయబారి లేరు.

నా ప్రశ్నలు ఇవీ. ఇప్పుడు ఎవరు ఎవరితో మాట్లాడతారు? ఊళ్ళో ఉన్నవాళ్ళు ముందే ఏటి చేసి ఉంచాలి? ఇంకోటి, కచ్చూ సింధూ ఒకప్పుడు రెండూ బొంబాయి కిందే ఉండేవి కదా, అక్కడ సరిహద్దు గీత ఎందుకు తేలలేదు? వాట్సాప్ ఫార్వర్డులు వద్దు, తెలిసినవాళ్ళు చెప్పండి.

---

కాన్సులర్_ఫైలు జవాబు:

బాబూ, ముందు ఒక అపోహ తీసేద్దాం. సంబంధాలు తెగిపోలేదు, స్థాయి తగ్గింది. 2019 ఆగస్టులో మన హైకమిషనర్‌ను పాకిస్తాన్ పంపేసినప్పటి నుంచీ రెండు రాజధానుల్లోనూ ఛార్జ్ డి అఫైర్స్ (రాయబారి లేనప్పుడు కార్యాలయం నడిపేవారు) స్థాయి అధికారే ఉంటున్నారు. 2025 ఏప్రిల్ 22 పహల్గాం దాడి తర్వాత ఒక్కో కార్యాలయంలో సిబ్బందిని 55 నుంచి 30కి కుదించారు. అంటే ఇస్లామాబాద్‌లో మన హైకమిషన్ తెరిచే ఉంది, పని చేసే చేతులు తగ్గాయి. కరాచీలో మనకు కాన్సులేట్ లేదు, 1990ల్లోనే మూతపడింది. మత్స్యకారులను ఉంచే మలీర్ జైలు కరాచీలో, చూడాల్సిన అధికారి ఇస్లామాబాద్‌లో. ఆలస్యానికి ఈ దూరమూ ఒక కారణమే.

రెండు దేశాల మధ్య ఇంకా నడుస్తున్న కాగితం 2008 మే 21న చేసుకున్న కాన్సులర్ ఒప్పందం, అంటే అవతల చిక్కిన తమ పౌరులను చూసుకోవడం గురించి. అందులో మనకు పనికొచ్చేవి: అరెస్టు చేసిన వెంటనే అవతలి హైకమిషన్‌కు తెలపాలి, మూడు నెలల లోపు కాన్సులర్ అధికారిని కలవనివ్వాలి, జాతీయత ఖరారై, శిక్ష పూర్తయిన నెల లోపు పంపించాలి, ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు ఇచ్చి పుచ్చుకోవాలి. ఈ జాబితాల మార్పిడి ఆపరేషన్ సిందూర్ జరిగిన ఏడాదిలో కూడా ఆగలేదు. 2025 జులై 1న పాకిస్తాన్ ఇచ్చిన జాబితాలో మన మత్స్యకారులు 193 మంది, మనం ఇచ్చిన దాంట్లో వాళ్ళ మత్స్యకారులు 81 మంది. శిక్ష పూర్తయినా ఇంకా లోపలే ఉన్న మనవాళ్ళు, పౌర ఖైదీలతో కలిపి 159 మంది అని విదేశాంగ శాఖ అదే రోజు చెప్పింది. అంటే ‘నెల లోపు’ అన్న మాట ఎక్కువగా కాగితం మీదే ఉందన్నమాట.

ఇక దారి. పాకిస్తాన్ మారిటైమ్ సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్ళు బోటును పట్టి కరాచీ తీసుకెళ్తారు. పోలీసులకు అప్పగిస్తారు, అక్కడి నుంచి మేజిస్ట్రేటు, మలీర్ జైలు. కేసు సాధారణంగా విదేశీయుల చట్టం, చేపల వేట చట్టాల కింద. కోర్టు వేసే శిక్ష నెలల్లోనే ఉంటుంది, జైల్లో గడిచేది మాత్రం ఏళ్ళు. ఆ తేడా అంతా జాతీయత నిర్ధారణలోనూ, పంపే రోజు ఖరారు కావడంలోనూ పోతుంది.

జాతీయత ఫైలు ఇలా తిరుగుతుంది: కాన్సులర్ అధికారి జైల్లో మనిషిని కలిసి ఫారం నింపుతారు. అది ఢిల్లీలో విదేశాంగ శాఖకు, అక్కడి నుంచి హోం శాఖకు, రాష్ట్రానికి, జిల్లా ఎస్పీకి, చివరికి మీ ఊరి స్టేషనుకు వస్తుంది. కానిస్టేబులు ఇంటికి వచ్చి చూసి రాసిన రిపోర్టు మళ్ళీ అదే మెట్లెక్కి పైకి పోతుంది. ‘మనవాడే’ అని తేలాక హైకమిషన్ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ అనే ఒక్క ప్రయాణపు కాగితం ఇస్తుంది, పాస్‌పోర్టు అక్కర్లేదు. ఆ తర్వాత తేదీ పాకిస్తాన్ చేతిలో. తేదీ వస్తే కరాచీ నుంచి లాహోర్, అక్కడి నుంచి వాఘా, ఇవతల బీఎస్ఎఫ్. వైద్య పరీక్ష, విచారణ అయ్యాక రాష్ట్రాల మత్స్యశాఖ వాళ్ళు తీసుకెళ్తారు.

గేటు మూశారన్న భయం ఈ విషయంలో అంతగా వద్దు. మూసింది వ్యాపారానికీ ప్రయాణికులకూ. పొరపాటున సరిహద్దు దాటి చిక్కిన బీఎస్ఎఫ్ జవానును 2025 మే 14న, కాల్పులు ఆగిన నాలుగు రోజులకు, అదే అట్టారి దగ్గర అప్పగించారు.

ఇంకో మాట. గొడవ ముదిరిన ఏళ్ళలో విడుదలలు ఆగిపోయాయనుకుంటారు గానీ, లెక్క అలా లేదు. సర్జికల్ స్ట్రైక్స్ అయిన 2016లోనే డిసెంబరు 25న 220 మందిని వదిలారు. పుల్వామా, బాలాకోట్ అయిన రెండు నెలలకే, 2019 ఏప్రిల్‌లో నాలుగు విడతలుగా 355 మంది మత్స్యకారులను పంపారు. మన ఇరవై మంది ఆ గుంపులో లేరు. ఏదైనా ‘సుహృద్భావం’ చూపించుకోవాల్సిన అవసరం వచ్చినప్పుడు పాకిస్తాన్ గుంపుగా వదులుతుంది. ఆ రోజున ఎవరి ఫైలు పూర్తయి ఉంటే వాళ్ళకే బస్సులో చోటు.

---

అలల_మీద జవాబు:

అంతా బాగుంది గురువుగారూ, కానీ సముద్ర చట్టం ఏమైంది? ఐక్యరాజ్య సమితి ఒడంబడిక 73వ అధికరణం చేపల వేట నేరానికి జైలే కూడదంటోంది. పూచీకత్తు కడితే బోటునూ మనుషులనూ వెంటనే వదలాలంటోంది. భారత్ 1995లో, పాకిస్తాన్ 1997లో ఆమోదించాయి. మనవాళ్ళు దీని మీద కోర్టుకెందుకు పోరు? లేఖలు రాసుకుంటూ కూర్చోవడం చేతగానితనం.

---

సర్_క్రీక్_గమనిక జవాబు:

కోపం న్యాయమైనదే అన్నా, కానీ ఆ అధికరణం ఎక్కడ వర్తిస్తుందో చూడండి. అది తీరానికి 12 నాటికల్ మైళ్ళ (సుమారు 22 కిలోమీటర్లు) అవతల మొదలై 200 మైళ్ళ దాకా ఉండే ప్రత్యేక ఆర్థిక మండలం గురించి. లోపలి ప్రాదేశిక జలాల్లో దొరికితే జైలు వేసుకోవచ్చు. అందుకే పాకిస్తాన్ కేసును చేపల మీద మాత్రమే పెట్టదు, అక్రమ ప్రవేశం కూడా కలుపుతుంది. పైగా ఆ అధికరణం కింద అడగాల్సింది మత్స్యకారుడు కాదు, బోటు ఏ జెండా కిందదో ఆ దేశం. మనమూ వాళ్ళ జాలర్లను పట్టి కచ్ జైళ్ళలో పెడుతున్నాం. మన 1981 విదేశీ నౌకల వేట చట్టం ప్రాదేశిక జలాల్లో దొరికినవాళ్ళకు జైలు, ఆర్థిక మండలంలో దొరికితే జరిమానా అని వేరు చేసిన మాట నిజమే. ఆచరణలో ఇద్దరమూ ఎవరి బందీలను వాళ్ళు లెక్కపెట్టుకుంటున్నాం. ఒకరి మీద ఒకరు ఈ అధికరణాన్ని ప్రయోగించరు.

అసలు ముడి ఏమిటంటే, గీతే లేనప్పుడు ఏ జలాలు ఎవరివో ఎవరు చెప్తారు? మొదట అడిగిన కచ్, సింధ్ ప్రశ్నలో చిన్న సవరణ. సింధ్ 1936 దాకా బొంబాయి ప్రెసిడెన్సీలో భాగం. కచ్ మాత్రం సంస్థానం, రావు గారి పాలన. ఆ ఇద్దరి మధ్యా కట్టెల కోత దగ్గర తగాదా వస్తే బొంబాయి ప్రభుత్వం 1914లో ఒక తీర్మానం చేసింది. దానికి ఒక పటం తగిలించింది. పటంలో ఆకుపచ్చ గీత, కచ్‌కూ సింధ్‌కూ మధ్య ఉన్న సర్ క్రీక్ అనే కాలువ తూర్పు గట్టు వెంట ఉంది. పాకిస్తాన్ దాన్ని పట్టుకుని క్రీక్ మొత్తం మాదే అంటుంది. అదే తీర్మానంలో ఇంకో పేరాలో పడవలు నడిచే కాలువ అయితే సరిహద్దు నడిమధ్య అన్న అర్థం ఉంది. 1925 పటంలోనూ గుర్తులు మధ్యలోనే పెట్టారు. భారత్ దాన్ని పట్టుకుంది. ఇది నౌకలు నడిచే కాలువే కాదని పాకిస్తాన్ జవాబు. ఆటుపోటుకు నిండి ఇంకే 96 కిలోమీటర్ల బురద కాలువ ఇది.

1965లో కచ్ రణ్ (ఉప్పు బయలు) కోసం కొట్టుకున్నాక ట్రిబ్యునల్ వేశారు. 1968లో వచ్చిన తీర్పు రణ్‌లో సుమారు 90 శాతం మనకు ఇచ్చింది, సర్ క్రీక్ దాని పరిధిలోకి రాలేదు. 2007లో ఇద్దరూ కలిసి సర్వే చేసి ఒకే పటం తయారు చేసుకున్నారు. 2012 తర్వాత దీని మీద విడిగా చర్చల విడత లేదు. క్రీక్ మూతి దగ్గర సరిహద్దు చుక్క ఎక్కడ పెడితే, అక్కడి నుంచి సముద్రంలోకి గీసే గీత అటో ఇటో వాలిపోతుంది. ఒడ్డున కొన్ని కిలోమీటర్ల తేడా సముద్రంలో వేల చదరపు కిలోమీటర్లవుతుంది. బురద కాలువ కోసం ఇంత పంతం అందుకే.

ఇదంతా తేలకుండానే సింధు నది మూతి దగ్గర చేప దండిగా ఉంటుందని బోట్లు అటు పోతాయి. మన కోస్టుగార్డు సముద్ర సరిహద్దు ఊహా రేఖకు ఇవతల ఐదు మైళ్ళ దాకా వేట వద్దంటుంది. గుజరాత్ తీరంలో చేప తగ్గింది కాబట్టి బోట్లు ఆ ఐదు మైళ్ళ అంచుకే వస్తాయి. ఇంజను ఆగినా, రాత్రి వల వదిలి సరంగు (బోటు నడిపేవాడు) కునుకు తీసినా పోటు నీరు అవతలికి లాగేస్తుంది.

బోట్లు మాత్రం వెనక్కి రావని అనుకోండి. 2008లో ముంబయి దాడి చేసినవాళ్ళు వచ్చింది పోర్‌బందర్‌కు చెందిన ‘కుబేర్’ అనే వేట బోటు మీద. ఆ తర్వాత రెండు వైపులా ప్రతి బోటూ భద్రతా కేసే. 2015లో 57 బోట్లను పాకిస్తాన్ ఇచ్చింది, అలాంటివి అరుదు. నష్టం యజమానిదే అయినా ఆ కోపం కలాసీ జీతం మీద పడుతుంది.

---

ఉద్దానం_రికార్డులు జవాబు:

పైనున్న రెండు జవాబులూ పెద్ద దేశాల సంగతి. ఊళ్ళో కూర్చుని మనం మార్చగలిగింది ఒక్కటే, ఆ జాతీయత ఫైలు ఎంత వేగంగా తిరుగుతుందన్నది. మన జిల్లాల కేసులు ఇక్కడే ఇరుక్కుంటాయి.

మొదటి ఇబ్బంది చిరునామా. జైల్లో ‘ఎక్కడి నుంచి వచ్చావు’ అంటే మనోడు ‘వెరావల్’ అంటాడు, బోటు బయల్దేరింది అక్కడి నుంచే కదా. ఫారంలో అదే పడితే విచారణ గిర్ సోమనాథ్ జిల్లా పోలీసులకు పోతుంది. వాళ్ళు ఆ పేరుతో ఎవరూ లేరని రాస్తారు. మళ్ళీ మొదటికి. కాబట్టి ఎల్లే ముందే ప్రతి ఒక్కరికీ ఈ వరస నోటికి రావాలి: పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం, పోలీస్ స్టేషను, జిల్లా, ఆంధ్రప్రదేశ్. హిందీ రాకపోయినా ఈ ఏడు మాటలు చాలు. స్టేషను పేరు తప్పకుండా ఉండాలి. డి.మత్స్యలేశం, కె.మత్స్యలేశం అని రెండున్నాయి, ఇక పేటలూ పాలేలూ ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు.

రెండోది పేరు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, రేషన్ కార్డులో వెనక, బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరం. ఒకే ఊళ్ళో ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరుతో నలుగురుంటారు. అవతల ఉర్దూలో విన్నట్టు రాస్తారు, అది ఇంగ్లీషులోకి వచ్చేసరికి మనిషే మారిపోతాడు. ఆధార్‌లో పేరు, తండ్రి పేరు సరిగా లేకపోతే ఎల్లే ముందే దిద్దించుకోండి. తండ్రి పేరే మనిషిని వేరుచేసేది.

ఇంట్లో ఉంచాల్సిన కట్ట: ఆధార్, రేషన్ కార్డు, ఓటరు కార్డు నకళ్ళు, మత్స్యకార గుర్తింపు కార్డు, రెండు ఫొటోలు, శరీరం మీద పుట్టుమచ్చలు రాసిన కాగితం. దీంతోపాటు బోటు కాగితం నకలు కావాలి. అదే చాలామంది దగ్గర ఉండదు. బోటు రిజిస్ట్రేషన్ నంబరు (‘ఐఎన్‌డీ జీజే’తో మొదలవుతుంది), యజమాని పేరు, ఫోను, ఏ రేవు. గుజరాత్‌లో బోటు వేటకు పోయే ముందు మత్స్యశాఖ నుంచి టోకెన్ తీసుకోవాలి, అందులో ఎక్కినవాళ్ళ పేర్లుంటాయి. ఆ టోకెన్ ఫొటో ప్రతి ట్రిప్పుకీ ఇంటికి వాట్సాప్‌లో రావాలి. టోకెన్‌లో పేరు లేకుండా ఆఖరి నిమిషంలో బోటు మారితే, ‘ఈయన ఆ బోటు మీద ఉన్నాడు’ అని చెప్పడానికి ఒక్క రుజువూ మిగలదు. బోటు మారడం మామూలే కాబట్టి ముప్పు కూడా అక్కడే ఎక్కువ.

చిక్కారన్న కబురు ముందు గుజరాత్ యజమానుల సంఘం నుంచే వస్తుంది, తోటి బోట్ల వైర్‌లెస్ ద్వారా. కబురు తెలిసిన రోజే మండల మత్స్యశాఖ అధికారికి, కలెక్టరుకు రాతపూర్వకంగా ఇవ్వండి, ఒక్కో మనిషికి ఒక్కో అర్జీ. ఇరవై పేర్లు ఒకే కాగితం మీద రాస్తే ఒక పేరు తప్పయినా మొత్తం వెనక్కి వస్తుంది. విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, ఏపీఎన్ఆర్‌టీ (ప్రవాసాంధ్రుల సంస్థ) వాళ్ళకీ చెప్పండి. తర్వాత ఎస్పీ కార్యాలయంలో స్పెషల్ బ్రాంచిని వారం వారం అడగాల్సిన ప్రశ్న ఒకటే: ‘జాతీయత విచారణ ఢిల్లీ నుంచి వచ్చిందా?’ అది రాకముందు ఎమ్మెల్యే చుట్టూ తిరిగినా కదిలేదేమీ లేదు. వచ్చాక మాత్రం ఒక్క ఫోనుతో రిపోర్టు రెండు రోజుల్లో పైకి పోతుంది.

లాయరును పెడతాం, కరాచీలో తెలిసినవాళ్ళున్నారు అంటూ డబ్బు అడిగే దళారులు దిగుతారు. రూపాయి ఇవ్వొద్దు. ఉత్తరాల మీదా ఆశ పెట్టుకోవద్దు. 2025 మే 3 నుంచి పాకిస్తాన్ టపాను మనమే నిలిపేశాం. ఏ కబురైనా హైకమిషన్ ద్వారానే రావాలి.

బీమా గురించి కూడా అడుగుతుంటారు. మత్స్యసంపద యోజన ప్రమాద బీమా 5 లక్షలు చావుకీ, పూర్తి వైకల్యానికీ. జైలుకు వర్తించదు. జైల్లో ఉన్న కాలానికి గుజరాత్ ప్రభుత్వం ఇచ్చే భత్యం అక్కడి కుటుంబాల కోసం పెట్టింది. మనకు వేట నిషేధ కాలంలో ఇచ్చే 20 వేలు వేరే పథకం, తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఆగినందుకు. అందుకని బోటెక్కే ముందే యజమానితో ‘చిక్కితే ఇంటికి నెలకు ఎంత’ అన్నది కాగితం మీద రాయించుకోండి. సీజను మొదట్లో మనుషులు కావాలి కాబట్టి రాస్తారు, నవంబరులో అడిగితే రాయరు.

---

తీరం_రణస్థలం అడిగారు:

చాలా మేలు చేశారు. టోకెన్ సంగతి మా గ్రూపులో ఇప్పుడే పెట్టాను. ఇంకొక్కటి. 2025 అక్టోబరులో విజయనగరం వాళ్ళు బంగ్లాదేశ్‌కు చిక్కారు కదా. అదీ ఇదే దారేనా?

---

సర్_క్రీక్_గమనిక జవాబు:

కాదు. ముఖ్యమైన తేడా, అక్కడ గీత తేలిపోయింది. 2014 జులై 7న హేగ్ ట్రిబ్యునల్ బంగాళాఖాతంలో భారత్, బంగ్లాదేశ్ సరిహద్దు గీసింది. వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు ఇచ్చింది, ఇద్దరూ ఒప్పుకున్నారు. కాబట్టి అక్కడ ‘ఎవరి జలాలు’ అన్న వాదన ఉండదు, జీపీఎస్ రీడింగే సాక్ష్యం. విశాఖ నుంచి ఉత్తరానికి పోయే బోట్లకు ఆ గీత ఫీడ్ చేసి ఉండాలి.

అక్కడ పట్టేది నేవీ లేదా కోస్టుగార్డు. సుందర్‌బన్స్ వైపు దొరికితే మోంగ్లా తీసుకెళ్ళి, బాగేర్‌హాట్ కోర్టులో పెడతారు. కేసు 2020 సముద్ర మత్స్య చట్టం కింద. మనకు దగ్గర్లో ఖుల్నాలో అసిస్టెంట్ హైకమిషన్ ఉంది, కరాచీలో లేని సదుపాయం అది. విడుదల తరచూ కోర్టు శిక్ష పూర్తవడం వల్ల కాదు, రెండు ప్రభుత్వాలు ఒప్పుకుని కేసులు ఉపసంహరించడం వల్ల. 2024 ఆగస్టులో ప్రధాని షేక్ హసీనా దిగిపోయాక సంబంధాలు బాగా చెడినా, 2025 జనవరి 5న మన 95 మందిని, వాళ్ళ 90 మందిని ఒకేసారి సముద్రం మీదే సరిహద్దు రేఖ దగ్గర మార్చుకున్నారు. బోట్లు కూడా తిరిగొచ్చాయి, పాకిస్తాన్ దగ్గర అరుదైన సంగతి.

---

ఉద్దానం_రికార్డులు జవాబు:

దాని మీద ఒక ముక్క. ఎవరి వైపైనా బోటులో ట్రాన్స్‌పాండర్ (బోటు ఎక్కడుందో తెలిపే పరికరం) ఉందో లేదో ఎక్కకముందే చూసుకోండి. మత్స్యసంపద యోజన కింద లక్ష బోట్లకు ఉచితంగా బిగించేవి ఇస్రో ఉపగ్రహం మీద నడుస్తాయి, ఫోను సిగ్నలు అక్కర్లేదు. గీత దగ్గరకు వస్తే ‘నభ్‌మిత్ర’ యాప్‌లో హెచ్చరిక వస్తుంది. పని చెయ్యకపోవడానికి ఎక్కువగా రెండే కారణాలు: బ్యాటరీ నుంచి తీగ ఊడదియ్యడం, లేదా ఎక్కడ వేట చేస్తున్నామో మిగతా బోట్లకు తెలియకూడదని సరంగే ఆపెయ్యడం. అది ఆపేసిన బోటు అవతల చిక్కితే ‘పొరపాటున వచ్చాం’ అన్న మాటకు బలం పోతుంది. ఇంజను ఆగి కొట్టుకుపోతుంటే వీహెచ్ఎఫ్ రేడియో 16వ ఛానెల్లో పిలవండి. ఒడ్డున ఉన్నవాళ్ళు కోస్టుగార్డు 1554కు చెయ్యండి. గీత దాటక ముందు చేసిన పిలుపు రికార్డులో ఉంటే, తర్వాత కాన్సులర్ అధికారి దాన్నే ముందు పెడతారు.